బర్లింగ్టన్ హౌస్‌లో ఆ సాయంకాలం



మీ ఇళ్ళల్లో ఎం.ఏ.నో ఎమ్మెస్సీనో పూర్తిచేసి పరిశోధనలో చేరిన పిల్లలు ఉండవచ్చు. హోసూరు కావచ్చు, బళ్ళారి కావచ్చు, బరంపురమో యానామో కావచ్చు. ఒకనాడు వాళ్ళు సంచీ సర్దుకొని, "సదస్సులో పేపరు చదవాలి, మూడు రోజుల్లో వస్తా" అని రైలెక్కుతారు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ పేపరేమిటో, పదిమందిలో దాన్ని చదవడమేమిటో సరిగ్గా బోధపడదు. తిరిగి వచ్చాక "ఎలా జరిగిందిరా అబ్బాయీ?" అని అడిగితే, "బాగానే జరిగింది" అని ముక్తసరిగా చెప్పి, కాళ్ళు కడుక్కొని పడుకుంటారు. ఆ "బాగానే" వెనక ఒక్కోసారి చాలా కథ ఉంటుంది.

నా సంగతి రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో మా సరిహద్దు పల్లెల శాసనాల మీద ఒక వ్యాసం పట్టుకొని ఒక సదస్సుకు వెళ్ళాను. పదిహేను నిమిషాలని చెప్పి ఏడో నిమిషంలోనే గంట కొట్టారు. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన, "ముందు ఇది తెలుగు చరిత్రో కన్నడ చరిత్రో తేల్చుకొని రా నాయనా" అన్నారు. సభంతా నవ్వింది. ఏం చేయాలో తోచక నేనూ నవ్వాను. ఆ పెద్దాయన అన్నదానికన్నా, వాళ్ళతో కలిసి నేను నవ్వినందుకే నాకు ఇప్పటికీ చిన్నతనంగా ఉంటుంది.

అటువంటి నవ్వే ఒకటి 1935లో లండన్‌లో వినబడింది. దాని ఫలితాలు మాత్రం చిన్నవి కావు. ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాం.

ఆ కుర్రవాడి పేరు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1910 అక్టోబరు 19న లాహోరులో పుట్టాడు. వాళ్ళు తమిళులు. తండ్రికి రైల్వే లెక్కల శాఖలో ఉద్యోగం, అందుకే అంత దూరంలో కాపురం. మనకూ ఆ కుటుంబానికీ ఒక చుట్టరికం లేకపోలేదు. తాతగారు విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆయన కొడుకుల్లో ఒకరు, అంటే మన చంద్రశేఖర్‌కు పినతండ్రి, ఆ విశాఖలోనే బడికి వెళ్ళి పెరిగిన సి.వి. రామన్. సరే, ఇంటి పేరు పెద్దదైనంత మాత్రాన సభలో ఎవరూ మెత్తగా చూడరు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్నప్పుడే ఈ కుర్రవాడు పరిశోధన మొదలుపెట్టాడు. 1928లో జర్మనీ నుంచి సోమర్‌ఫెల్డ్ అనే గొప్ప భౌతికశాస్త్రవేత్త మద్రాసుకు వస్తే, ఆయన బస చేసిన హోటలుకే నేరుగా వెళ్ళి కలిశాడు. "నువ్వు చదివిన పుస్తకం పాతబడిపోయింది, శాస్త్రం మారిపోయింది" అని ఆ పెద్దాయన చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా, ఇంకా అచ్చు కాని తన కొత్త వ్యాసం ప్రూఫులు చేతిలో పెట్టాడు. 1930 జనవరిలో అలహాబాదులో సైన్సు కాంగ్రెసు జరిగినప్పుడు, మేఘనాథ్ సాహా ఈ పిల్లవాడి పనిని మెచ్చుకొని ఇంటికి భోజనానికి పిలిచాడు. పేరుమోసిన పెద్దలు చిన్నవాళ్ళను ఇలా చేరదీసిన రోజులూ ఉన్నాయని మరువకండి. కథ అటువైపు ఒక్కటే ఉంటే బాగుండేది.

1930 జూలై 31న బొంబాయిలో ఓడ ఎక్కాడు. అప్పటికి పంతొమ్మిదేళ్ళు. ఇంట్లో తల్లి జబ్బుతో మంచం మీద ఉంది. ఇబ్సెన్ నాటకాన్ని తమిళంలోకి తెచ్చిన చదువరి ఆ తల్లి. కొడుకును వెళ్ళమని పట్టుబట్టి పంపిందామె. మరుసటి ఏడాది మేలో ఆమె కన్నుమూసినప్పుడు అతను ఇంగ్లండులోనే ఉన్నాడు. మొదటి రోజుల్లో సముద్రం పోటెత్తి ప్రయాణం దుర్భరమైంది. సముద్రం నెమ్మదించాక డెక్కు మీద కుర్చీ వేసుకొని కాగితాల మీద ఒక లెక్క మొదలుపెట్టాడు.

ఆ లెక్క ఏమిటో వీలైనంత తేలిగ్గా చెబుతాను. నక్షత్రం తన ఇంధనం అయిపోయాక తన బరువుకు తనే లోపలికి కుంచించుకుపోతుంది. అలా ముడుచుకున్న వాటిని తెల్ల మరుగుజ్జు నక్షత్రాలంటారు. సూర్యుడంత సరుకు భూమంత చోటులో ఇరుక్కుని ఉంటుంది. అందులోంచి అగ్గిపెట్టెడు పదార్థం తీస్తే అది టన్నుల కొద్దీ తూగుతుంది. మరి ఆ నక్షత్రం ఇంకా ఎందుకు ముడుచుకోదు? తిరునాళ్ళ బస్సును తలచుకోండి. సీట్లన్నీ నిండాక కండక్టరు ఎంత అరిచినా ఇంకొకడు కూర్చోలేడు. ఎలక్ట్రాన్లూ అంతే, ఒకదాని చోట ఇంకొకటి చేరవు, ఎదురు తోస్తాయి. ఆ తోపుడే నక్షత్రాన్ని నిలబెడుతుంది. ఈ మాటను 1926లోనే కేంబ్రిడ్జిలో ఫౌలర్ చెప్పాడు. అందరూ సంతోషించారు, నక్షత్రాలన్నీ చివరికి ఇలా చల్లగా విశ్రాంతి తీసుకుంటాయని.

ఓడ మీద కుర్రవాడికి ఒక అనుమానం వచ్చింది. అంత ఇరుకులో ఎలక్ట్రాన్లు మహా వేగంగా తిరుగుతాయి. వేగం కాంతి వేగానికి దగ్గరైతే ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతాన్ని లెక్కలోకి తీసుకోవాలి కదా? తీసుకొని చూస్తే తోపుడు బలం అనుకున్నంతగా పెరగడం లేదు. నక్షత్రం బరువు ఒక హద్దు దాటితే ఆ తోపుడు దాన్ని మోయలేదు. ఆ హద్దు సూర్యుడికి 1.4 రెట్లు అని తర్వాత కుదురుకుంది. హద్దు దాటిన నక్షత్రం ఏమవుతుంది? ముడుచుకుంటూనే పోతుంది. ఎక్కడికి అన్న ప్రశ్నకు అప్పుడు ఎవరి దగ్గరా జవాబు లేదు.

1933లో డాక్టరేటు వచ్చింది. అదే ఏడు ట్రినిటీ కళాశాల ఫెలో అయ్యాడు. భారతీయుల్లో రామానుజన్ తర్వాత ఆ గౌరవం దక్కింది ఇతనికే. 1934లో లెక్కను మొదటి నుంచి, ఉజ్జాయింపులు లేకుండా తిరగేసి చేశాడు. ఆ నెలల్లో ఇతని గదికి తరచుగా వచ్చి, "ఎంతదాకా వచ్చింది?" అని అడిగి వెళ్ళినవాడు ఆర్థర్ ఎడింగ్టన్. 1919లో సూర్యగ్రహణం నాడు ఫొటోలు తీయించి ఐన్‌స్టైన్ మాట నిజమని లోకానికి చాటిన మహానుభావుడు. ఖగోళశాస్త్రంలో ఆయన మాటకు తిరుగులేదు. చేత్తో తిప్పే లెక్కల యంత్రాన్ని కూడా ఈ కుర్రవాడికి ఆయనే ఏర్పాటు చేశాడు.

1935 జనవరి 11, శుక్రవారం. లండన్‌లోని బర్లింగ్టన్ హౌస్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశం. ముందురోజు కార్యక్రమం కాగితం చేతికి వచ్చింది. తన పేరు తర్వాత ఎడింగ్టన్ పేరు ఉంది, అదే విషయం మీద! ఇన్నాళ్ళూ గదికి వచ్చి మాట్లాడిన మనిషి ఈ సంగతి ఒక్కసారైనా అనలేదు. ఆ రాత్రి కళాశాల భోజనశాలలో కలిసి, నీకు పదిహేను నిమిషాలు చాలవు, అరగంట ఇప్పించాను అన్నాడే గాని, తానేం చెప్పబోతున్నాడో చెప్పలేదు. మర్నాడు సభకు ముందు టీ దగ్గర ఇంకొకరు అడిగితే, చంద్రశేఖర్ వైపు తిరిగి, నీకొక ఆశ్చర్యం ఉందిలే అన్నాడట.

చంద్రశేఖర్ తన అరగంటలో చెప్పవలసింది చెప్పాడు. తర్వాత ఎడింగ్టన్ లేచాడు. ఈ సభ నుంచి ప్రాణాలతో బయటపడతానో లేదో అని ఛలోక్తితో మొదలుపెట్టి, ఇప్పుడు మీరు విన్న సూత్రం అసలు లేనే లేదన్నాడు. నక్షత్రం ఇంత అసంబద్ధంగా ప్రవర్తించకుండా ఆపే ప్రకృతి నియమం ఏదో ఉండి తీరాలన్నాడు. సభ నవ్వింది, మళ్ళీ మళ్ళీ నవ్వింది. ఆయన వాదంలో బలం లేదు గాని, చెప్పే తీరులో ఉన్న బలం ఏ వాదానికీ ఉండదు. చంద్రశేఖర్ జవాబు చెప్పడానికి అవకాశం రాలేదు. అధ్యక్షుడు, దీన్ని జాగ్రత్తగా తూచి చూడాలని ఒక మాట అని, ఎడింగ్టన్‌కు ధన్యవాదాలు చెప్పి తర్వాతి వ్యాసాన్ని పిలిచాడు. బయటికి వస్తుంటే ఒకరొకరే దగ్గరికి వచ్చి, "పాపం, ఇలా అయ్యిందే" అన్నారు. అంటే వాళ్ళు కూడా ఎడింగ్టన్ గెలిచాడనే అనుకున్నారు! ఇరవై నాలుగేళ్ళ మనిషి రాత్రి పొద్దుపోయాక కేంబ్రిడ్జి చేరి, అందరూ వెళ్ళిపోయిన గదిలో, ఇంకా ఆరని నెగడు ముందు ఒక్కడే నిలబడి ఉండిపోయాడు.

శ్రోతలు అడగవచ్చు, ఇదంతా తెల్లదొరల అహంకారం కాదా అని. అలా రాసినవాళ్ళున్నారు. నాకు మాత్రం ఒక సంగతి అడ్డం వస్తుంది. జీన్స్, మిల్న్ వంటి తన దేశస్థుల మీద కూడా ఎడింగ్టన్ సభల్లో ఇదే చురక వాడాడు. ఆ సభలోవాళ్ళకు కొత్త క్వాంటం శాస్త్రం అంతగా పట్టుబడలేదు. తెలిసిన భౌతికశాస్త్రవేత్తలకేమో నక్షత్రాల గొడవ పట్టలేదు. చంద్రశేఖర్ కోపెన్‌హాగెన్‌లోని మిత్రుడు రోజెన్‌ఫెల్డ్‌కు ఉత్తరం రాస్తే, తానూ నీల్స్ బోర్ కూడా చూశామని, ఎడింగ్టన్ మాటల్లో అర్థం లేదని బదులు వచ్చింది. పౌలీ కూడా అదే అన్నాడు. కాని ఆ మాటను అచ్చులో పెట్టమంటే ఎవరూ ముందుకు రాలేదు. నన్నడిగితే, నవ్వినవాళ్ళకన్నా వీళ్ళ తప్పే పెద్దది.

అదే ఏడు జూలైలో పారిస్‌లో అంతర్జాతీయ సదస్సు. ఎడింగ్టన్ గంటసేపు మళ్ళీ అదే మాట్లాడాడు. జవాబు చెప్పనివ్వండని చంద్రశేఖర్ ఒక చీటీ రాసి, అధ్యక్షస్థానంలో ఉన్న రస్సెల్‌కు పంపాడు. వద్దన్నాడాయన. ఏకాంతంలో మాత్రం, మేమూ ఆయన మాట నమ్మడం లేదన్నాడు!

చంద్రశేఖర్ 1937లో అమెరికా వెళ్ళి, షికాగో విశ్వవిద్యాలయం వారి యెర్క్స్ వేధశాలలో చేరాడు. 1939లో తన లెక్కలన్నీ ఒక పుస్తకంగా రాసి, మూతపెట్టి, వేరే విషయానికి మళ్ళాడు. తగవులాడుతూ జీవితం గడపలేదు. ఆ సంవత్సరమే పారిస్‌లో ఇంకోసారి ఎదురుపడ్డారు. నిన్ను నొప్పించి ఉంటే మన్నించమన్నాడు ఎడింగ్టన్. "మీ అభిప్రాయం మారిందా?" అని అడిగాడు చంద్రశేఖర్. లేదన్నాడాయన. "అయితే మన్నించేదేముంది?" అని చంద్రశేఖర్ తిరిగి వెళ్ళిపోయాడు. అలా అన్నందుకు తర్వాత ఎంతో బాధపడ్డాడట. ఈ సంగతులన్నీ కర్ణాటకకు చెందిన ఆచార్య కామేశ్వర్ వాలి 1991లో వెలువరించిన జీవితచరిత్రలో ఉన్నాయి.

హద్దు దాటిన నక్షత్రాల సంగతి లోకం పట్టించుకోవడానికి ఇంకో పాతికేళ్ళకు పైగా పట్టింది. 1967లో పల్సార్లను కనిపెట్టింది కూడా కేంబ్రిడ్జిలో ఒక పరిశోధక విద్యార్థినే, జోసెలిన్ బెల్. 1974లో ఆ పనికి నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు ఆమె పేరు లేదు. అది ఇంకో రోజుకు ప్రసంగం. చంద్రశేఖర్‌కు 1983లో నోబెల్ వచ్చింది. 1995 ఆగస్టు 21న షికాగోలో కన్నుమూశారు. 1999లో అంతరిక్షంలోకి పంపిన ఎక్స్‌రే వేధశాలకు ఆయన పేరు పెట్టారు.

1944లో ఎడింగ్టన్ పోయినప్పుడు షికాగోలో సంతాపసభ జరిగితే, ఆయన కాలపు అత్యున్నత ఖగోళశాస్త్రవేత్తల్లో ఒకరని మెచ్చుకుంటూ మాట్లాడింది చంద్రశేఖరే. 1982లో ఎడింగ్టన్ శతజయంతికి ట్రినిటీ కళాశాల పిలిస్తే వెళ్ళి, రెండు ఉపన్యాసాలు ఇచ్చారు.

ఆ 1935 సమావేశపు చర్చ 'అబ్జర్వేటరీ' అనే పత్రికలో అప్పుడే అచ్చయింది. చరిత్ర చదివేవాడిగా నాకు అలాంటి కాగితాల మీద మక్కువ. ఎడింగ్టన్ విసిరిన ఛలోక్తులు అందులో ఉన్నాయి. అధ్యక్షుడి ధన్యవాదాలూ ఉన్నాయి. చంద్రశేఖర్ జవాబు మాత్రం అందులో లేదు.

సెలవు.