తెగని వలయం: నాష్‌విల్‌లో ఆరు రోజులు

ఈ దేశంలో దూరాలు కారు నడిపేవాళ్లకు రేడియోలో ఎక్కడో ఒకచోట కంట్రీ పాట తగులుతూనే ఉంటుంది. మాటలన్నీ అందకపోయినా అమ్మ, ఊరు, రైలుబండి, చావు, దేవుడు చెవిన పడతాయి. మన పల్లెపాటకు దూరపు చుట్టమే అనిపిస్తుంది. ఆ సంగీత చరిత్రలోని ఒక ఘట్టం మన ప్రవాసాంధ్రులు ప్రత్యేకంగా తెలుసుకోదగ్గది.

1966లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో కొందరు కుర్రవాళ్లు నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్ అనే బృందం కట్టారు. పొడుగు జుట్లు, గడ్డాలు. వాయించేది రాక్ కలిసిన జానపదం. వియత్నాం యుద్ధం తండ్రినీ కొడుకునూ చెరొకవైపు నిలబెట్టిన రోజులవి. పాతతరం కంట్రీ విద్వాంసులకు ఇలాంటివాళ్లంటే నమ్మకం తక్కువ.

ఈ కుర్రవాళ్ల కోరిక ఒక్కటే: రికార్డులు విని ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పెద్దల పక్కన కూర్చుని వాయించాలి. బాంజో విద్వాంసులు ఎర్ల్ స్క్రగ్స్ సరేనన్నారు. డాక్ వాట్సన్, మెర్ల్ ట్రావిస్, జిమ్మీ మార్టిన్ వచ్చారు. 1927లోనే తొలి రికార్డులిచ్చిన కార్టర్ కుటుంబం నుంచి మదర్ మేబెల్ కార్టర్ వచ్చారు. బిల్ మన్రో రానన్నారు. రాయ్ ఎకఫ్ మొదట సందేహించి, అప్పటికి టేపుకెక్కిన పాటలు విన్నాక ఒప్పుకున్నారు.

1971 ఆగస్టులో నాష్‌విల్‌లోని వుడ్‌లాండ్ స్టూడియోలో ఆరు రోజుల్లో పని ముగిసింది. అందరూ కలిసి కూర్చుని, నేరుగా రెండు ట్రాకుల టేపు మీదికే పాడారు. పాటల మధ్య కబుర్లు కూడా తీసెయ్యలేదు. పసితనంలోనే చూపు పోయిన డాక్ వాట్సన్, అభిమానంతో తన కొడుక్కి మెర్ల్ ట్రావిస్ పేరు పెట్టుకున్నారు. ఆ ఇద్దరూ తొలిసారి కలుసుకున్నది అక్కడే. ఆ పలకరింపులు ఈనాటికీ వినవచ్చు.

1972లో మూడు రికార్డుల సంపుటంగా వెలువడిన ఆ ఆల్బమ్ పేరు ‘విల్ ద సర్కిల్ బి అన్‌బ్రోకెన్’, అంటే వలయం తెగకుండా నిలుస్తుందా అని. తల్లిని సాగనంపే ఆ పాటను అందరూ కలిసి పాడారు. చిట్టచివర స్క్రగ్స్ గారి అబ్బాయి, 18 ఏళ్ల రాండీ, కొత్తకాలపు పాటనొకదాన్ని ఒంటరిగా గిటారు మీద వాయించాడు. మేబెల్ 1978లో, ఎకఫ్ 1992లో, స్క్రగ్స్, వాట్సన్ 2012లో కన్నుమూశారు. ఆల్బమ్ మాత్రం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి జాతీయ రికార్డింగుల పట్టికలో 2005 ఎంపికలతో చేరింది.

మన సంగతి? అన్నమయ్య రేకుల మీద రాగాల పేర్లున్నాయి, స్వరాలు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటివారు కొత్తగా స్వరపరచవలసివచ్చింది. రాగి మీద చెక్కినా, నోటి నుంచి చెవికి అందనిది నిలవలేదు.

మన పండుగ సభల్లో పిల్లలు రికార్డు పాటకు ఆడితే పెద్దలు ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొడతాం. ఒక్క మంగళహారతి పాటైనా అమ్మమ్మ, మనవరాలు పక్కపక్కన కూర్చుని పాడితే, దాన్ని మనం రికార్డు చేస్తే ఎంత బాగుంటుంది! నాష్‌విల్ వాళ్లకు ఆరు రోజులు చాలాయి. మన అమ్మమ్మలు ఆరు నెలలుండి వెళతారు.