పిలుపునకు ద్వారపాలకులు

టెలిఫోనును గురించి తలచినప్పుడు మనకు మొదట స్ఫురించునది గ్రాహం బెల్ పేరు. 1876లో ఆయన పొందిన పేటెంటుతో ఆ పరికరము చరిత్రకెక్కినది. అయితే రెండు పరికరములను ఒక తీగతో ముడివేసినంత మాత్రమున టెలిఫోను వ్యవస్థ ఏర్పడదు. పదిమంది ఒకరితో ఒకరు నేరుగా మాటాడుకొనవలెనన్న 45 తీగలు కావలెను. నూరుమందికైనచో 4,950 తీగలు కావలెను. వేయిమంది చందాదారులున్న పట్టణమున ఇక ఆకాశము కనబడదు. కావున తీగలన్నియు ఒక్కచోట చేరవలెను. ఆ చోట కూర్చుండి, ఎవరి పిలుపు ఎవరికి చేరవలెనో, ఎవరి పిలుపును ఆపవలెనో నిర్ణయించువారు ఒకరుండవలెను.

ఆ ద్వారపాలకుల చరిత్రయే నేటి మా ప్రసంగమునకు విషయము. కలుపు పని మొదట మనిషి చేతిలో నుండెను. పిమ్మట యంత్రమునకు వచ్చెను. నేడు ‘సిప్ సర్వరు’ అను కంప్యూటరు ఏర్పాటునకు చేరినది. పని చేతులు మారినది నిజము. దానితో పాటు బాధ్యత కూడ మనుష్యుని విడిచిపోయినదా అన్నది మనము విచారింపవలసిన ప్రశ్న.

1878 జనవరి 28వ తేదీన అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున వాణిజ్య ప్రాతిపదికపై మొదటి ఎక్స్ఛేంజి తెరువబడినది. దాని చందాదారులు 21 మంది. ఆ తొలిరోజులలో స్విచ్చిబోర్డుల కడ పడుచు కుర్రవారిని నియమించిరి. వారి దుడుకు మాటలకు చందాదారులు విసిగిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో బోస్టనులో ఎమ్మా నట్ అను యువతి ఆ పనిలో ప్రవేశించినది. నాటినుండి ఆ వృత్తి చిరకాలము స్త్రీల వృత్తిగా నిలిచెను. మన దేశమున 1882 జనవరి 28న కలకత్తాలో ఎక్స్ఛేంజి ప్రారంభమైనప్పుడు 93 మంది చందాదారులుండిరి. మద్రాసు, బొంబాయి నగరములకు కూడ ఆ సంవత్సరముననే ఆ సౌకర్యము కలిగినది.

చిన్న ఊరి ఎక్స్ఛేంజిలో ఆపరేటరు కేవలము తీగలు కలుపు మనిషి కాదు. వైద్యుడు ఇంటలేడు, ఫలానివారి ఇంట రోగిని చూచుచున్నాడని ఎరిగి, పిలుపును అక్కడికే మరలింపగల మనిషి. నంబరు నడిగినవారికి ఆమె మనిషిని వెదకి యిచ్చెడిది. ఇది ఆమెలోని గుణము. ఆమె తలచినచో పిలుపును ఆలస్యము చేయవచ్చును, వినరాని మాటను వినవచ్చును. ఇది ఆ ఏర్పాటులోని ప్రమాదము.

ఈ ప్రమాదమే స్వయంచాలక ఎక్స్ఛేంజికి మూలమైనదని ఒక కథ కలదు. కాన్సాస్ సిటీలో ఆల్మన్ స్ట్రౌజర్ అను నతడు శవసంస్కారములకు ఏర్పాట్లు చేయు వృత్తిలో నుండెను. తనకు రావలసిన పిలుపులను ఆపరేటరు తన పోటీదారునకు మరలించుచున్నదని అతడు అనుమానపడెనట. ఈ కథలో నిజమెంత యైనను, 1891లో అతడు పొందిన పేటెంటు మాత్రము నిజము. 1892 నవంబరులో ఇండియానా రాష్ట్రములోని లాపోర్టు పట్టణమున ఆ పద్ధతిని అనుసరించి ఎక్స్ఛేంజి తెరువబడుటయు నిజము. మన దేశమున 1913-14లో సిమ్లాలో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి ఏర్పడినది. 1960లో లక్నో, కాన్పూరుల మధ్య ఆపరేటరు ప్రమేయము లేకయే దూరపు పిలుపు సాధ్యమైనది. ద్వారమున మనిషి లేడు. కనుక పక్షపాతము లేదని లోకము సంతోషించెను.

ఆ సంతోషము ఎంతోకాలము నిలువలేదు. దూరపు లైన్లపై ఒక ఎక్స్ఛేంజి మరియొక ఎక్స్ఛేంజికి ఇచ్చు ఆజ్ఞలు శబ్దరూపమున, మాటలు నడచు దారిలోనే నడచుచుండెను. అమెరికాలో సెకనుకు 2,600 కంపనములు గల ఒక ధ్వని వినబడినచో లైను ఖాళీగా నున్నదని యంత్రము గ్రహించెడిది. ఆ ధ్వనిని తాము కూడ పుట్టింపవచ్చునని కొందరు కుర్రవారు కనుగొనిరి. పిల్లల తినుబండారపు పెట్టెలో ఉచితముగా వచ్చు ఒక ఈల సరిగా ఆ స్వరమునే పలికెను! 1971లో ఎస్క్వైర్ పత్రిక ఈ ముచ్చటను ప్రకటించుటతో అది దేశమంతట తెలిసిపోయినది. యజమాని గొంతును అనుకరించినవారికెల్ల తలుపు తెరచు నౌకరు వంటిది ఆ యంత్రము. దాని కంటె మనిషి ఆపరేటరు నయము. ఆమె కనీసము సందేహించెడిది.

ఈ అనుభవము నేర్పిన పాఠము ఒకటి కలదు. ఆజ్ఞకొక దారి, మాటకొక దారి యుండవలెను. అమెరికాలో 1976 నుండి ఆజ్ఞలను వేరు మార్గమున పంపు పద్ధతి అమలులోనికి వచ్చెను. 1980లో ఏడవ సంకేత పద్ధతికి అంతర్జాతీయముగా రూపకల్పన జరిగినది. మాటాడువారి చేతికి ఆజ్ఞల దారి అందకుండ పోయినది.

ఇంతలో కంప్యూటరులను కలుపు జాలము పెరుగుచుండెను. 1974 నాటికే అమెరికాలోని ఆర్పానెట్ మీద మాటను చిన్నచిన్న ప్యాకెట్లుగా త్రుంచి పంపి, అవతల మరల కూర్చి వినిపించు ప్రయోగములు జరిగినవి. 1995లో వొకల్‌టెక్ అను ఇజ్రాయెల్ సంస్థ ఇంటి కంప్యూటరునుండి మాటాడుటకు వీలగు సాధనమును విపణికి తెచ్చెను. 1996లో మాటల ప్యాకెట్లను నడపు ఆర్.టి.పి. అను నియమావళి వెలువడెను. మాటను మోయు బండి సిద్ధమైనది. కాని ఆ బండిని ఎవరి ఇంటి ముందు ఆపవలెనో చెప్పువా రెవరు? మరల ఆ పాత ప్రశ్నయే!

1996 ఫిబ్రవరిలో దీనికి రెండు సమాధానములు వచ్చినవి. మార్క్ హాండ్లీ, ఈవ్ స్కూలర్ అనువారు ఒకటి ప్రతిపాదించిరి. హెన్నింగ్ షుల్‌జ్రిన్ మరియొకటి ప్రతిపాదించెను. రెంటిని కలిపి 1999 మార్చిలో ‘సెషన్ ఇనీషియేషన్ ప్రోటోకాల్’ అను పేరున ప్రమాణపత్రమును ప్రకటించిరి. దానికి పొడి పేరు సిప్. 2002 జూనులో దానిని సవరించి విపులముగా మరల ప్రకటించిరి.

సిప్ చేయు పని పరిశీలించినచో మనకు పాత ఆపరేటరమ్మయే జ్ఞప్తికి వచ్చును. ఫోను తెరచినంతనే ‘నేను ఇచ్చట నున్నాను’ అని సర్వరుకు విన్నవించుకొనును. దీనికి రిజిస్టర్ అని పేరు. వైద్యుడు ఎవరి ఇంట నున్నాడో ఎరిగియుండుట వంటిదే ఇది. పిలువదలచినవారు ఇన్వైట్ అను ఆహ్వానమును పంపుదురు. ‘ప్రయత్నించుచున్నాను’ అనుటకు 100, ‘గంట మ్రోగుచున్నది’ అనుటకు 180, ‘అంగీకరించితిని’ అనుటకు 200 అను అంకెలతో ప్రత్యుత్తరములు వచ్చును. అవతలివారు వేరొకరితో మాటాడుచున్నచో 486 వచ్చును. అట్టివారే లేనిచో 404 వచ్చును. ఒప్పందము కుదిరిన పిమ్మట మాట వేరు మార్గమున నడచును. సాధారణముగా సెకనుకు 50 ప్యాకెట్లు పోవును. సెలవు తీసుకొనుటకు బై అను సందేశము కలదు. ఈ సందేశములన్నియు సామాన్య అక్షరములలో నుండి, ఇంగ్లీషు చదువ నేర్చినవారికి కంటితోనే బోధపడుట ఈ పద్ధతిలోని విశేషము.

అయితే లోకమందలి టెలిఫోనులన్నియు ఒక్కనాడు మారలేదు. ఇటు ఇంటర్నెట్టు, అటు పాత ఎక్స్ఛేంజి. నడుమ నొక ద్వారము కావలసివచ్చెను. అదియే గేట్‌వే. రెండు భాషలు నేర్చిన దుబాసీ వంటిది అది. ఎక్స్ఛేంజి భాషలో ‘చందాదారుడు తీరికగా లేడు’ అనుటకు 17 అను సంఖ్య. దానిని గేట్‌వే 486గా మార్చి ఇవతలివారికి చెప్పును. డల్లాసులోని కుమార్తె గుంటూరులోని తల్లిని పిలిచినప్పుడు, ఆ పిలుపు త్రోవలో ఇట్టి ద్వారములను దాటి వచ్చుట సామాన్యము. దుబాసీ ఒక్క మాట తప్పు చెప్పినను, తల్లి ఇంటలేదని కుమార్తె భ్రమపడును.

మన దేశమున ఈ ద్వారమును ప్రభుత్వము మెల్లమెల్లగా తెరచినది. 2002 ఏప్రిల్ 1 నుండి ఇంటర్నెట్టు టెలిఫోనును అనుమతించిరి. కాని కంప్యూటరునుండి పోవు పిలుపును దేశములోని సామాన్య టెలిఫోనుకు కలుపుటకు సమ్మతింపలేదు. 2017 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ సిఫారసు చేయగా, 2018 జూనులో ఆ అడ్డు తొలగినది. మరియొక త్రోవలో సిప్ అంతకు ముందే మన చేతికి వచ్చియుండెను. 4జి ఫోనులలో వోల్ట్ అను పద్ధతిలో మాటాడు ప్రతి పిలుపును సిప్ సందేశములే కలుపుచున్నవి. ఆ పేరు వినని కోట్లాది ప్రజలు దానిని దినదినము వాడుచున్నారు.

ఇక సర్వరును అమర్చువారి విషయము. ఒకప్పుడు ఎక్స్ఛేంజి కట్టవలెనన్న గొప్ప భవనము కావలసియుండెను. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ ఆస్టరిస్క్ అను ప్రోగ్రామును ప్రారంభించి, అందరికి ఉచితముగా ఇచ్చెను. నాటినుండి ఒక సామాన్య కంప్యూటరును ఎక్స్ఛేంజిగా మార్చుట సాధ్యమైనది. బెర్లిను పరిశోధకులు ఆరంభించిన సర్వరు నేడు కమైలియో అను పేరున పెద్ద సంస్థలలో పనిచేయుచున్నది. కొన్ని వరుసల అమరికలు వ్రాయగలవాడు నేడు ద్వారపాలకుడే. అతడు వ్రాసినదే ఆజ్ఞ. ఎవరిని నమ్మవలెను, ఏ నంబరును ఏ దారిన పంపవలెను, ఏ పిలుపును నిరాకరింపవలెను అన్నవి అతని చేతివ్రాత ననుసరించియే జరుగును.

ఆ వ్రాతలో పొరపాటు దొర్లినచో ఏమగును? చిన్న పొరపాటైనచో, గంట మ్రోగును, ఫోను ఎత్తుదురు, కాని ఒకరి మాట మాత్రమే వినబడును. సర్వరు లోపలి జాలపు చిరునామాను బయటివారికి చెప్పుటయే దీనికి తరచు కారణము. ఉత్తరముపై వీథి పేరు లేక ‘రెండవ గది’ అని మాత్రమే వ్రాసినట్లుండును. కొంత పెద్ద పొరపాటైనచో, పాస్‌వర్డు నడుగకయే బయటి పిలుపులను గేట్‌వే గుండ పోనిచ్చును. సిప్‌నకు వాడుకగా కేటాయించిన 5060వ పోర్టును తట్టి చూచు యంత్రములు లోకమంతట రేయింబవళ్లు పనిచేయుచున్నవి. తెరచియున్న ద్వారము కనబడిన రాత్రియే దూరదేశపు ఖరీదైన నంబర్లకు వందలకొలది పిలుపులు పోవును. బిల్లు మాత్రము యజమానికి వచ్చును. నాటి ఈల కథయే మరల నడచుచున్నది. ధ్వని మారినది, అంతే.

అన్నిటికంటె పెద్ద పొరపాటు డబ్బుతో ముగియదు. 2013 డిసెంబరులో టెక్సాస్ రాష్ట్రములోని మార్షల్ పట్టణమున ఒక హోటలు గదిలో ఒక స్త్రీపై ఆమెకు దూరముగా నుండు భర్త దాడిచేసెను. తొమ్మిదేండ్ల కుమార్తె, తనకు పెద్దలు నేర్పిన విధముననే, గది ఫోనులో 911 అని నాలుగుమారులు నొక్కినది. పిలుపు పోలేదు. ఆ హోటలు ఫోనులలో బయటి లైను కావలెనన్న మొదట 9 నొక్కవలెను. పసిపిల్లకు ఆ సంగతి తెలియదు. తల్లి మరణించినది. ఆమె పేరిట 2018 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక చట్టము చేసిరి. 2020 ఫిబ్రవరి నుండి అక్కడ కొత్తగా అమర్చు ఏ సంస్థ ఎక్స్ఛేంజి యైనను, ముందు ఏ అంకెయు అవసరము లేకయే 911ను బయటికి పోనీయవలెను.

ఈ వృత్తాంతమును మేము విషాదము కొఱకు చెప్పలేదు. ఆ నాటి ఎక్స్ఛేంజి చెడిపోలేదు. తనకు వ్రాసియిచ్చిన నియమమును అది అక్షరాల పాటించినది. మనిషి ఆపరేటరు ద్వారమున నుండినచో, బిడ్డ ఏడుపు విని, నియమమును ప్రక్కకు నెట్టి పోలీసులను కలిపియుండెడిది. యంత్రము వినదు. కాబట్టి ఆ ఏడుపును నియమము వ్రాయువాడే ముందుగా వినవలసియున్నది. నంబర్ల పట్టికలో ఒక్క వరుస చేర్చినంతనే ఆ పని జరిగియుండును.

స్ట్రౌజర్ కోరినది పక్షపాతము లేని ద్వారము. నూటయిరువది యేండ్లకు పైబడిన శ్రమచే మనము దానిని సంపాదించితిమి. గొంతు చూచిగాని, కులము చూచిగాని పిలుపును మరలించు ద్వారము కాదది. కాని మనిషిని లేపి యంత్రమును కూర్చుండబెట్టినప్పుడు, అతని పక్షపాతముతో పాటు అతని దయ కూడ లేచిపోయినది. ఆ దయను మరల ద్వారమునకు తెచ్చు మార్గ మొక్కటే. సర్వరును అమర్చువాడు తన పని ముగిసినదని లేచుటకు ముందు, ఏమియు తెలియని ఒక పసిబిడ్డ ఆ ఫోను ముందు నిలుచున్నదని తలచి, ఒక్కమారు ఆ నంబరును తానే నొక్కి చూడవలెను.