ఇనుముకు విరుగుడు: ఒక మాత్ర వెనుక ఖర్చుల లెక్క

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. ఒక యూనిట్ రక్తంలో 200 నుంచి 250 మి.గ్రా. ఇనుము ఉంటుంది. ఏడాదికి 20 యూనిట్లు ఎక్కించుకునే పిల్లవాడి ఒంట్లో 4 నుంచి 5 గ్రాముల ఇనుము చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి శరీరం మొత్తంలో ఉండేదే 3, 4 గ్రాములు! రోజుకు ఒకటి, రెండు మిల్లీగ్రాములకు మించి ఇనుమును బయటికి పంపే ఏర్పాటు మన శరీరంలో లేదు. మిగిలినదంతా కాలేయంలో, చివరకు గుండెలో పేరుకుపోతుంది.

బీటా థలసీమియా మేజర్ వ్యాధిగ్రస్తుల కష్టం ఇదే. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువే రావడంవల్ల వీరిలో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాదు. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించక తప్పదు. ఈ జన్యువు పంజాబీ, సింధీ కుటుంబాలలో ఎక్కువగా కనిపిస్తుంది. 1947 విభజన తర్వాత అలాంటి కుటుంబాలెన్నో ఢిల్లీ చేరాయి. తెలుగునాట చదువుకున్న రోజుల్లో ఈ వ్యాధి నాకు పాఠ్యపుస్తకంలోని ఒక పేరు మాత్రమే. యమున తూర్పు గట్టున మయూర్ విహార్‌లో కాపురం పెట్టాకే ఇరుగుపొరుగు మాటల్లో విన్నాను.

1960 ప్రాంతంలో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు ఒక మట్టి సూక్ష్మజీవి నుంచి డెస్‌ఫెరాక్సమిన్ అనే పదార్థాన్ని సాధించారు. అది ఇనుమును పట్టుకుని మలమూత్రాలతో బయటికి తెస్తుంది. మంచి మందే. కాని నోటితో తీసుకుంటే ఒంటబట్టదు, రక్తంలో ఎక్కువసేపు నిలవదు. అందుచేత చిన్న పంపుతో చర్మం కిందికి రాత్రంతా, 8 నుంచి 12 గంటలపాటు, వారానికి ఐదారు రాత్రులు ఎక్కించాలి. కిలోకు 40 మి.గ్రా. చొప్పున 30 కిలోల పిల్లవాడికి రాత్రికి 1200 మి.గ్రా. కావాలి. 500 మి.గ్రా. సీసాలలో లెక్కిస్తే ఏడాదికి ఆరు వందలకు పైమాటే. పంపు, సూదుల ఖర్చు వేరు. మనదేశంలో చాలా కుటుంబాలు రక్తం మాత్రం ఎక్కించి, ఇనుము సంగతి వదిలేశాయి.

1982లో కొంటోఘియోర్గెస్ ఎల్-1 అనే కృత్రిమ పదార్థాన్ని తయారుచేశారు. ఇది నోటితో మింగే మందు. తర్వాత దీనికి డెఫెరిప్రోన్ అని పేరొచ్చింది. 1987లో లండన్ రోగులపై తొలి ఫలితాలు వెలువడ్డాయి. ముంబయిలో డాక్టర్ ఎం.బి. అగర్వాల్ బృందం తమ మూడేళ్ల అనుభవాన్ని 1992లో ప్రకటించింది. 1994లో ప్రపంచంలోనే మొదట అనుమతినిచ్చిన దేశం మనది. సిప్లా దానిని కెల్ఫర్ పేరుతో అమ్మింది. యూరప్ 1999లో, అమెరికా 2011లో అనుమతించాయి.

తొందరపడ్డామా? ఇక్కడే ఖర్చు–ఫలితాల లెక్క వస్తుంది. కొత్త మందువల్ల అదనంగా అయిన ఖర్చును, అదనంగా దక్కిన ఆరోగ్యవంతమైన ఏళ్లతో భాగించాలి. అయితే దేనికంటే అదనం? లండన్ వైద్యుడు కొత్త మాత్రను పంపుతో పోల్చాడు. మనదేశంలో చాలామంది రోగులకు అసలు పోలిక ‘ఏ మందూ లేకపోవడం’తోనే. ఈ తేడా గమనించకుండా ఒక దేశపు లెక్కను మరొక దేశానికి అంటగట్టడం పొరపాటని నా అభిప్రాయం.

మాత్రకూ లోపాలున్నాయి. కొందరికి కీళ్లనొప్పులు వస్తాయి. నూటికి సుమారు ఒకరిలో తెల్ల రక్తకణాలలో ముఖ్యమైన న్యూట్రోఫిల్స్ ప్రమాదకరంగా పడిపోతాయి. 1998లో టొరంటో వైద్యురాలు నాన్సీ ఒలివియెరి, దీనివల్ల కాలేయం దెబ్బతినవచ్చని హెచ్చరించారు. పరిశోధనకు సహకరించిన కంపెనీ ఆమెపై చట్టపరమైన చర్య తీసుకుంటామని బెదిరించడం పెద్ద వివాదమైంది. తర్వాతి పరిశోధనల్లో ఆ అనుమానం బలపడలేదు. పైగా 2006లో, గుండెలోని ఇనుమును తీయడంలో డెఫెరిప్రోన్ పంపు మందును మించిందని ఎం.ఆర్.ఐ. పరీక్షలతో తేలింది. 2013లో బ్రిటన్ పరిస్థితులను బట్టి కట్టిన ఒక లెక్క కూడా ఖర్చులోనూ ఫలితంలోనూ దీనికే మొగ్గు చూపింది.

న్యూట్రోఫిల్స్ భయంవల్ల ఈ మాత్ర వాడేవారికి తరచు రక్తపరీక్ష అవసరం. పరీక్ష రుసుము లెక్కలోకి వస్తుంది. పిల్లవాడిని వెంటబెట్టుకుని యమున దాటి ఆసుపత్రికి వెళ్లిన తండ్రి ఆ రోజు పోగొట్టుకునే కూలి, రోగులు ఇంటికి మోసుకెళ్లే మాత్రల పొట్లంపై ఎక్కడా రాసి ఉండదు.