రక్తము గడ్డకట్టుట: పరీక్షనాళిక తీర్చిన చిక్కు

గాయమైనచో నెత్తురు త్వరగా ఆగని హీమోఫీలియాను మనము చాలకాలము ఒకే వ్యాధి యనుకొంటిమి. 1935లో అమెరికాలో ఆర్మాండ్ క్విక్ ప్రకటించిన ప్రోత్రాంబిన్ పరీక్ష గడ్డకట్టు కాలమును సెకండ్లలో కొలిచెను. కాని ఈ రోగుల రక్తము అందులో సామాన్యముగనే తోచెను.

1947లో బ్యూనస్ ఐరిస్ నగరమున పావ్‌లోవ్‌స్కీ అను వైద్యుడు ఒక రోగి రక్తమును వేరొక రోగి రక్తముతో కలిపి చూచెను. విడిగా ఎంతకును గడ్డకట్టని రక్తము కలిసినంతనే త్వరగా గడ్డకట్టెను. ఒకరిలో లోపించినది రెండవవారిలో ఉండబట్టియే గదా ఇట్లు జరిగినది!

1952లో ఆక్స్‌ఫర్డులో రోజ్‌మరీ బిగ్స్ ప్రభృతులు ఈ రెండవ వ్యాధిని విడదీసి చూపి, స్టీఫెన్ క్రిస్మస్ అను బాలరోగి పేర దానికి క్రిస్మస్ వ్యాధి యని నామకరణము చేసిరి. మొదటిదానిలో లోపించునది ఎనిమిదవ ఫాక్టరనియు, రెండవదానిలో తొమ్మిదవదనియు నేడు మనము చెప్పుచున్నాము.

ఈ భేదము తెలియుట ప్రాణావసరము. ఎనిమిదవది తక్కువైనవారికి తొమ్మిదవది ఎక్కించిన ఫలము లేదు. నేటికిని ప్రయోగశాలలలో రోగి ప్లాస్మాకు ఆరోగ్యవంతుని ప్లాస్మా కలిపి చూతురు; గడ్డకట్టు కాలము సరిపడినచో ఏదో ఫాక్టరు తక్కువైనదని గ్రహించి, ఒక్కొక్కదానిని కొలుతురు.

1918లో హతుడైన రష్యా యువరాజు అలెక్సీ వ్యాధి ఏ రకమో 2009లో అతని ఎముకల జన్యుపరీక్ష తేల్చెను: అది క్రిస్మస్ వ్యాధి.