ఒక రోగసంఖ్య పూర్వకథ

ఏటేటా అక్టోబరు 1వ తేదీ సమీపించిన కొలది హైదరాబాదులోని మెడికల్ కోడింగ్ కార్యాలయములలో హడావిడి హెచ్చును. అమెరికా ఆసుపత్రుల చార్టులను చదివి ప్రతి రోగమునకును కోడు వేయు మన యువతీయువకులు ఆనాటినుండి ఆ యేటి క్రొత్త పుస్తకమునే అనుసరింపవలెను. ఆ పుస్తకమున ఏ52.1 అను శీర్షిక క్రింద, నాడీమండలమునకు ప్రాకిన సవాయి రోగము, అనగా న్యూరోసిఫిలిస్, ఉన్నది. మతిని చెరచు వ్యాధియు, నడకను చెరచు వ్యాధియు అచ్చట ఒక్క పంక్తిలో కూర్చుండుటకు నూరేండ్లకు పైబడి పట్టెను.

1495లో నేపిల్సుపై దండెత్తిన ఫ్రెంచి సైన్యమున ప్రబలిన ఈ సవాయి పోర్చుగీసు నావల వెంట మన తీరములకు వచ్చినదని పెక్కురు చరిత్రకారుల మతము. పదునారవ శతాబ్దమున భావమిశ్రుడు తన భావప్రకాశమున దీనిని ఫిరంగ రోగమని పేర్కొని, రసకర్పూరమును, నేటికిని మూలికల దుకాణములలో దొరకు పరంగిచెక్కను ఔషధములుగా చెప్పెను. పుండ్లను, పొక్కులను, కీళ్ళనొప్పులను అందరును చూచిరి గాని, ఎన్నడో మానిన పుండునకును, ఏండ్లు గడచిన పిమ్మట తప్పిన మతికిని ముడి యున్నదని నాలుగు శతాబ్దములు ఎవరును నిరూపింపజాలకపోయిరి.

ఈ చరిత్రలో నేను మాటిమాటికి మరలి చదువుకొను ఘట్టము 1822 నాటిది. పారిసు చెంత షారెంటను ఉన్మాదశాలలో ఆంట్వాన్ లోరాన్ బేల్ అను యువవైద్యుడుండెను. ఇరువదిమూడేండ్ల యా యువకుడు తన పట్టమునకై సమర్పించిన సిద్ధాంతగ్రంథమున చేసినది పైకి మిక్కిలి సామాన్యమైన పని: రోగి బ్రతికియుండగా దినదినమును కనిపించినదానిని వ్రాసిపెట్టుట, చనిపోయిన తరువాత కపాలమును తెరచి అందు కనిపించినదానిని ఆ వ్రాత ప్రక్కనే వ్రాయుట. ఉన్మాదమును, పక్షవాతమును రెండును కలిగిన రోగి తొలుత తాను మహారాజుననియు, తన ధనమునకు మితి లేదనియు పలుకుచు, చుట్టునున్నవారికి ఐశ్వర్యములు పంచిపెట్టుచుండును. అదే సమయమున, చెవి యొగ్గి వినువానికి, ఆ రాజవాక్యములలోనే నాలుక తడబాటు వినబడును, అడుగు ఇంచుక తూలును. పిదప ఉద్రేకము, ఆ పిదప బుద్ధిమాంద్యము. నాలుక, కాళ్ళు, చేతులు క్రమక్రమముగా స్వాధీనము తప్పి, తుదకు ఆ చక్రవర్తి తన గ్రాసమును తానే నోటికి ఎత్తుకొనజాలని స్థితికి వచ్చును. కపాలమున మెదడును కప్పిన పొరలు దళసరియై, కాంతి చొరరాక, అక్కడక్కడ మెదడునకు అంటుకొని యుండెను.

ఉన్మాదము వేరు, దానిమీద వచ్చిపడిన పక్షవాతము వేరు అని ఎస్కిరోల్ వంటి నాటి ఉన్మాదవైద్యపు పెద్దలు భావించుచుండగా, రెండును ఒక్కటే వ్యాధి, రెండును జంటగా పెరుగును అని బేల్ నిలిచి చెప్పెను. తేదీ తప్పక వ్రాసిన వ్రాతలు లేకున్నచో ఈ మాట చెప్పుటకు ఆధారమే లేదు. కారణము మాత్రము ఆయనకు చిక్కలేదు. 1858లో ఆయన మరణించుటకు ముందటి యేడు మాత్రమే ఎస్మార్క్, యెస్సెన్ అను జర్మను వైద్యులు సవాయియే ఇందులకు మూలమని సూచించిరి.

1905లో బెర్లినున షౌడిన్, హాఫ్మన్ ఆ సూక్ష్మజీవిని కనుగొనిరి. 1913లో న్యూయార్కున నొగూచి, మూర్ దానిని ఇట్టి రోగుల మెదడులోనే చూపిరి. ఇక సందేహమునకు తావు లేదు. అయినను 1893లో ఫ్రెంచి గణాంకవేత్త బెర్టియోన్ కూర్చిన మరణకారణముల పట్టికనుండి పెరిగిన అంతర్జాతీయ పట్టికలో, సవాయి ఒక అధ్యాయమునను, బేల్ వర్ణించిన ఉన్మాదుల సర్వాంగ పక్షవాతమును, నడక తూలించు టేబీస్ వ్యాధియు నాడీరోగముల అధ్యాయమునను విడివిడిగానే నిలిచెను. 1929 సవరణలోను అంతే. 1938 నాటి ఐదవ సవరణలో గాని రెండును సవాయి క్రిందికి చేరలేదు. 1913 పిమ్మటి ఆ పాతికేండ్లలో టేబీసుతో చనిపోయినవాడు లెక్కలలో నాడీరోగముతో చనిపోయినవాడే. సవాయి తీసికొనిన ప్రాణములు సవాయి లెక్కకు రాలేదు. ఇది నన్ను నేటికిని కలచివేయును.

ఈ నడుమనే వియన్నాలో వాగ్నర్-యౌరెగ్ అను వైద్యుడు 1917లో సర్వాంగ పక్షవాత రోగులకు మలేరియా జ్వరమెక్కించి, పిదప క్వినైనుతో దించి, 1927లో నోబెల్ బహుమానమందెను. 1943 తరువాత పెనిసిలిన్ వచ్చి ఉన్మాదశాలల వార్డులను ఖాళీ చేసెను.

నేడు టేబీసునకు ఏ52.11, సర్వాంగ పక్షవాతమునకు ఏ52.17, లక్షణములు పొడసూపనిదానికి ఏ52.2, రకము తెలుపనిదానికి ఏ52.3. కంటిపాప తీరు, వెన్నునీటి వీడీఆర్ఎల్ (సవాయి పరీక్ష) ఫలితము, కణముల సంఖ్య, తెలివి తప్పిన తీరు, అన్నియు చార్టులో ఉండి, రోగము పేరు మాత్రము వైద్యుడు వ్రాయకున్నచో, కోడరు ఎంత తెలిసినవాడైనను దానిని తనంత తాను ఊహించి వేయరాదు. వైద్యునకు ప్రశ్న పంపవలెను. అనుమానము అని వ్రాసినచో, ఆసుపత్రిలో చేరిన రోగికి డిశ్చార్జి నాటికిని ఆ అనుమానము నిలిచియున్నయెడల రోగము ఉన్నట్లే కోడు వేయుదురు; అవుట్‌పేషంటునకు అట్లు కాదు, అచ్చట లక్షణములకే కోడు. ఒకే మాట వార్డులో ఒక రీతిగాను, ఓపీలో మరియొక రీతిగాను లెక్కకెక్కుచున్నది. ఇంతలో అంతర్జాతీయ పట్టిక పదునొకండవ సవరణయైన ఐసీడీ-11 2022 జనవరినుండి అమలులోనికి వచ్చినది; అమెరికా చార్టులు మాత్రము ఇంకను పదవ సవరణ కోడులతోనే హైదరాబాదునకు వచ్చిపోవుచున్నవి.