పసిప్రాయంలో క్లోమ శస్త్రచికిత్స: నొప్పికీ, చక్కెరకూ మధ్య నడిచిన చరిత్ర

క్లోమాన్ని పూర్తిగా తొలగిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు తొలి స్పష్టమైన సమాధానం ఒక కుక్క వల్ల లభించింది. 1889లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో మింకోవ్‌స్కీ, వాన్ మెరింగ్ ఆ ప్రయోగం చేయగా, ఆ జంతువుకు తీవ్రమైన మధుమేహం సంక్రమించింది. అంతకు ఇరవై ఏళ్ల ముందే లాంగర్‌హాన్స్ క్లోమంలోని కణపుటికలను చూశాడు గాని, వాటి పని ఆయనకు తెలియదు.

పిల్లల విషయంలో కథ తలక్రిందులుగా మొదలైంది. ఇన్సులిన్ అతిగా ఊరి, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయే శిశువుకు క్లోమంలో అధికభాగం తీసివేసినట్లు 1934లో గ్రాహం, హార్ట్‌మన్ ప్రకటించారు. ప్రాణం నిలిపే చికిత్సే అది. అయితే ఇలా దాదాపు క్లోమమంతా కోల్పోయిన పిల్లలలో చాలామంది కౌమారం నాటికి మధుమేహులయ్యారు. ఎదిగే వయస్సులో ఇన్సులిన్ అవసరం పెరుగుతుంది. మిగిలిన కొద్దిపాటి కణాలు ఆ భారం మోయలేవు.

మన దక్షిణదేశానికి ఎక్కువగా తెలిసిన వ్యాధి వేరు. క్లోమంలో రాళ్లు ఏర్పడి, పసివయస్సులోనే కడుపునొప్పి, ఆపై మధుమేహం తెచ్చిపెట్టే దీర్ఘకాలిక క్లోమశోథ అది. కేరళలో గీవర్ఘీస్ దీనిని విస్తృతంగా పరిశీలించారు. హైదరాబాదులోని సీసీఎంబీలో చందక్ బృందం 2002లో ఈ వ్యాధికీ, స్పింక్1 జన్యువులోని మార్పులకూ గల సంబంధాన్ని వెల్లడించింది. మద్యం ఎరుగని పిల్లవానికి ఈ జబ్బు ఎందుకని అడిగే తల్లికి ఇది కొంత సమాధానం. కొల్లాపూర్ వంటి చోట ఆ నొప్పి నులిపురుగుల ఖాతాలోనో, దిష్టి ఖాతాలోనో పడిపోతే, హైదరాబాదు చేరేలోగా విలువైన కాలం గడచిపోతుంది.

ఆ కాలం ఎంత విలువైనదో మినసోటా చెబుతుంది. తొలగించిన క్లోమం నుండి పుటికలను వేరుచేసి, రోగి కాలేయంలోకే ఎక్కించే పద్ధతి 1977లో అక్కడ మొదలైంది. 1989 నుండి పిల్లలకూ చేశారు. డాక్టర్ శ్రీనాథ్ చిన్నకోట్ల (పేరు వినగానే మనవారనిపిస్తుంది) బృందం 2014లో 75 మంది పిల్లల ఫలితాలు ప్రకటించింది. 90 శాతం మందికి నొప్పి తగ్గింది. 41 శాతం మంది ఇన్సులిన్ లేకుండా నిలిచారు. వయస్సు తక్కువైనవారికీ, లభించిన పుటికలు ఎక్కువైనవారికీ ఫలితం మేలు. క్లోమనాళాన్ని చీల్చి చిన్నప్రేవుకు కలిపే ప్యూస్టో చికిత్స ముందే జరిగినవారికి మాత్రం ఆ అవకాశం తగ్గింది. చీల్చిన నాళంలో పుటికలను విడదీసే ఎంజైమును సరిగా నింపడం కష్టం. కనుక తొలి శస్త్రచికిత్సకు ఒప్పుకునేటప్పుడే తర్వాతి దారి గురించి వైద్యుని అడగడం అవసరమని నా అభిప్రాయం.

ఇన్సులిన్ ఆగినా పరీక్షలు ఆగరాదు. మూడు నెలలకొకసారి హెచ్‌బీఏ1సీ చూడాలి. ఆహారంతో ఎంజైము గుళికలు తప్పవు. కాలేయంలో నాటుకున్న పుటికలు, చక్కెర పడిపోయినప్పుడు గ్లూకగాన్‌ను తగినంత విడుదల చేయవు; ఆటల సమయంలో బిడ్డ సొమ్మసిల్లవచ్చు. అందుచేత ఈ సంగతి బడిలోని ఉపాధ్యాయునికి తెలియాలి. ఎంత క్లోమం తీశారు, ప్లీహం ఉంచారా, ఎన్ని పుటికలు ఎక్కించారు అన్న వివరాల కాగితాన్ని ఇంట్లో భద్రపరచాలి. ఇరవై ఏళ్ల తర్వాత మరో ఊరి వైద్యుడు మొదట అడిగేది దానినే.