రన్నింగ్‌కు ఇయర్‌ఫోన్స్ కొంటున్నారా? హైవే పక్కన పరుగెత్తే వాళ్లు ముందు చూడాల్సింది బేస్ కాదు!

తడ: తెల్లారకముందే షూ కట్టుకుని రోడ్డెక్కే వాళ్లకు చెవిలో పాట ఉంటే పరుగు తేలికగా సాగుతుంది. కానీ తడలో ఆ రోడ్డు అంటే చాలామందికి చెన్నై-కోల్‌కతా 16వ నంబర్ జాతీయ రహదారే, లేదంటే దాని సర్వీస్ రోడ్డు. శ్రీసిటీ కంపెనీల బస్సులు, కంటైనర్ లారీలు వేళాపాళా లేకుండా తిరుగుతూనే ఉంటాయి. మరోపక్క చెన్నై-గూడూరు రైల్వే లైన్. అందుకే ఇక్కడ ఇయర్‌ఫోన్స్ కొనేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇవి పెట్టుకుంటే వెనక నుంచి వచ్చే హారన్ వినిపిస్తుందా?

సిలికాన్ బుడిపెలతో చెవి రంధ్రాన్ని పూర్తిగా మూసేసే ఇయర్‌బడ్స్ బయటి శబ్దాన్ని బాగా ఆపేస్తాయి. దానికి తోడు నాయిస్ క్యాన్సిలేషన్ ఆన్‌లో ఉంటే లారీ ఇంజిన్ మోత లాంటి బరువైన శబ్దాలే ముందు మాయమవుతాయి, ఎందుకంటే ఆ టెక్నాలజీ బాగా పనిచేసేది అలాంటి శబ్దాల మీదే. బస్సులో కూర్చుంటే అది సుఖం, రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు మాత్రం ప్రమాదం. ఇంకో చికాకు కూడా ఉంది. చెవి గట్టిగా మూసుకుపోతే ప్రతి అడుగూ తలలో ధన్ ధన్ అని మోగుతుంది. కొత్తవాళ్లు ఇయర్‌బడ్స్ పాడయ్యాయేమో అనుకుంటారు. నిజానికి అది మన అడుగుల చప్పుడే.

అందుకని రోడ్డు మీద పరుగుకు చెవిని తెరిచి ఉంచే రకాలు మేలు. వాటిలో బోన్ కండక్షన్ ఒకటి. ఇది చెవి ముందున్న ఎముక మీద ఆని, ప్రకంపనల ద్వారా శబ్దాన్ని లోపలి చెవికి చేరుస్తుంది. చెవికి కొక్కెంలా తగిలించుకునే ఓపెన్ ఇయర్ మోడళ్లూ ఉన్నాయి. రెండింటిలోనూ బేస్ తక్కువే. దుకాణంలో విన్నప్పుడు 'ఇంత డబ్బుకు ఇదేనా సౌండ్' అనిపిస్తుంది, అది సహజం. అంత ఖర్చు వద్దనుకుంటే ఉన్న ఇయర్‌బడ్స్‌లోనే ఒక్కటి పెట్టుకుని, వాహనాలు వచ్చే వైపు చెవి ఖాళీగా ఉంచుకోవచ్చు. ఫుట్‌పాత్ లేని చోట ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా రోడ్డుకు కుడివైపున పరుగెత్తడం మంచిది. పట్టాలు దాటేటప్పుడైతే ఏ రకమైనా సరే, తీసి జేబులో పెట్టుకోవాల్సిందే.

ఇక చెమట సంగతి. పులికాట్ పక్కనే ఉండటంతో ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ, నాలుగడుగులు వేస్తే బనియన్ తడిసిపోతుంది. డబ్బా మీద ఐపీఎక్స్4 అని ఉంటే అన్ని వైపుల నుంచి పడే నీటి తుంపరలను తట్టుకుంటుందని అర్థం. ఐపీఎక్స్5 నీటి ధారను తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అయితే మీటరు లోతు నీటిలో 30 నిమిషాల వరకు ఫర్వాలేదు. వ్యాయామానికి కనీసం ఐపీఎక్స్4 ఉండాలి, ఇక్కడి ఉక్కపోతకు ఐపీఎక్స్5 అయితే నయం. మధ్యలో ఎక్స్ ఉంటే దుమ్ము విషయంలో రేటింగ్ ఇవ్వలేదని గుర్తు. ఒక మెలిక ఏమిటంటే ఈ పరీక్షలు మంచినీటితో చేస్తారు, చెమటలో ఉండేది ఉప్పు. అందుకే పరుగు అయ్యాక పొడిబట్టతో తుడిచి, ఆరాకే ఛార్జింగ్ కేస్‌లో పెట్టాలి. తడిగా పెడితే ఛార్జింగ్ పిన్‌లు తుప్పు పట్టి, ఒకవైపు ఛార్జ్ ఎక్కడం ఆగిపోతుంది. చాలా మోడళ్లలో కేస్‌కు బడ్స్‌కున్నంత రక్షణ కూడా ఉండదు.

జిమ్‌లో లెక్క వేరు. అక్కడ వాహనాల భయం లేదు కాబట్టి చెవిని మూసే ఇయర్‌బడ్స్ పెట్టుకోవచ్చు. నెక్‌బ్యాండ్ చెవిలోంచి జారినా మెడ మీదే ఉంటుంది, పోగొట్టుకునే బాధ లేదు. కానీ బెంచ్ మీద వెల్లకిలా పడుకుంటే అదీ, బోన్ కండక్షన్ బ్యాండూ వెనక గుచ్చుకుంటాయి. చెమట వేళ్లతో టచ్ కంట్రోల్స్ సరిగ్గా పనిచేయవు, నొక్కే బటన్ ఉన్నదే నయం. బిగువు చూడాలంటే బడ్ పెట్టుకుని దవడ ఆడించి, పది గెంతులు వేస్తే చాలు. జారితే మరో సైజు బుడిపె మార్చి చూడాలి. ఇక '40 గంటల బ్యాటరీ' అన్న ప్రకటన సాధారణంగా కేస్‌తో కలిపి చెప్పే లెక్క. ఒక్కసారి ఛార్జ్‌తో బడ్స్ ఎంతసేపు వస్తాయో విడిగా అడగాలి.

వాల్యూమ్‌కూ ఒక లెక్కుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. 90 డెసిబెల్స్‌కు పెరిగితే ఆ సమయం 4 గంటలకు పడిపోతుంది. లారీల మోతను మించి పాట వినాలని వాల్యూమ్ పెంచే వాళ్లు ఈ గీత దాటే అవకాశం ఎక్కువ.

కానిస్టేబుల్ ఫిజికల్ టెస్ట్ కోసం 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు ఇంకొకటి గమనించాలి. అథ్లెటిక్స్ పోటీ నిబంధనల ప్రకారం ట్రాక్ మీద ఇలాంటి పరికరాలు వాడకూడదు. పాట ఊపుకే అలవాటు పడితే అసలు రోజున లయ తప్పుతుంది. వారంలో కొన్ని రోజులైనా చెవులు ఖాళీగా పెట్టుకుని పరుగెత్తడం మేలు.

కొనేముందు డబ్బా మీద బీఐఎస్ గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ చూసుకోవాలి. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్స్‌కు ఇది తప్పనిసరి. ఆ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ వివరాలు వస్తాయి. రోడ్డు పక్కన తక్కువ ధరకు అమ్మే పెద్ద బ్రాండ్ల నకళ్లు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి. బిల్లు తీసుకుని, తడిస్తే వారంటీ వర్తిస్తుందో లేదో దుకాణంలోనే చదువుకోవాలి.